కుడిపక్క బరువు

బరంపురం
12 జూలై 1937

పూజ్యులైన మావయ్యకి రాజ్యం నమస్కారాలు.

ఇక్కడ నేను క్షేమం అని మొదలుపెట్టాలి. ఈసారి ఆ మాట రాయబుద్ధి కావడం లేదు. రాసినా మీరు నమ్మరు.

పోయిన నెల కొడల నించి నీలమ్మ అనే అమ్మాయిని నా ఆసుపత్రికి తీసుకొచ్చారు. తొలిచూలు. బండి దింపేసరికే గుర్రపువాతం మూర్ఛలు వచ్చి పళ్ళు కరుచుకుపోయి ఉంది. ఒళ్ళంతా వాచిపోయింది. ఇంటిదగ్గర పసర్లు పోసి, మంత్రాలు వేయించి, ఇంక ఏదీ పనిచెయ్యదని తేలాక నా దగ్గరికి తెచ్చారు. నాకు చేతనైనదంతా చేశాను. తల్లీ దక్కలేదు, బిడ్డా దక్కలేదు.

ఆమె భర్త పేరు కాసులు. కొడలలో ఎడ్లబళ్ళు అద్దెకి నడుపుతాడు. శవాన్ని బండెక్కిస్తూ నా గుమ్మంలో నిలబడి, అందరూ వింటూండగా, "దీన్ని నువ్వే సంపీసినావు. నిన్నూ ఆ దారినే అంపుతాను, సూడు" అన్నాడు. దుఃఖంలో ఉన్నవాడి మాటని పట్టించుకోకూడదని ఊరుకున్నాను.

కాని ఆ తరవాత కూడా అతను వస్తున్నాడు. లోపలికి రాడు. వీధికి అవతల కొట్టు అరుగు మీద కూర్చుని మా ఆసుపత్రి వైపే చూస్తూ ఉంటాడు. పొద్దు వాలాక లేచి వెళ్ళిపోతాడు. స్టేషనుకి వెళ్ళి చెప్పాను. అరుగు మీద కూర్చోవడం నేరం కాదమ్మా అన్నారు. మనల్ని ఒరిస్సా కొత్త రాష్ట్రంలో కలిపాక అక్కడ మనుషులంతా కొత్తవాళ్ళు. మీ పేరు చెబితే ఆయనెవరని అడిగారు.

నా పని మీకు తెలియనిది కాదు. ఎవరు పిలిస్తే వాళ్ళ వెంట వెళ్ళాలి. పిలిచినవాడు నిజంగా పురిటికే పిలిచాడో, మరెందుకు పిలిచాడో బండెక్కాక గాని తెలియదు. ఈమధ్య బండెక్కే ముందు కాళ్ళు వెనక్కి లాగుతున్నాయి.

పోలీసు ఉద్యోగంలో ఉండగా మీరు పెట్టుకు తిరిగిన రివాల్వరు ఇంకా మీ దగ్గరే ఉంది కదా. దాని లైసెన్సు నా పేరుకి మార్పించగలరా? ఆడదానికి ఎందుకని ఛత్రపురం కలెక్టరు కచేరీలో తప్పకుండా అడుగుతారు. పసుపు కుంకాలు పోయిన పిల్లకి వైద్యం చదువెందుకని ఊరంతా అడిగినప్పుడు మీరే సమాధానం చెప్పారు. దీనికీ మీరే చెప్పాలి.

మీ మేనకోడలు
రాజ్యం


గంజాం
20 ఆగస్టు 1937

చి. రాజ్యానికి మావయ్య అనంతపద్మనాభం ఆశీస్సులు.

ఛత్రపురంలో లైసెన్సు చేతికొచ్చిన రోజున నీకు గుళ్ళు ఎక్కించడం, దించడం, గురి పెట్టడం చూపించానే గాని అసలు సంగతి చెప్పడానికి వ్యవధి లేకపోయింది. పేల్చడం నేర్చుకోవడం సులువు. రోజూ ఒంటి మీద పెట్టుకుని, అది ఉన్నట్టు పక్కవాడికి తెలియకుండా బతకడమే కష్టం. నిదానంగా చదువు.

మందుల సంచీలో మాత్రం పెట్టకు. సంచీని బండివాడు అందుకుంటాడు, ఇంటివాళ్ళు అందుకుంటారు, నువ్వు చేతులు కడుక్కుంటుంటే పిల్లలు తెరిచి చూస్తారు. అది నీ ఒంటి మీదే ఉండాలి. లోపావడా మీద కట్టుకునేలా బెత్తెడు వెడల్పు పట్టీ ఒకటి గట్టి కాన్వాసుతో కుట్టించు. దానికి కుడి తుంటి ఎముకకి కాస్త ముందుగా సంచీలాంటి జేబు ఉండాలి. ట్రిగ్గరు పూర్తిగా గుడ్డలోపల ఉండాలి, పిడి మాత్రం చేతికి అందాలి. బొడ్డు దగ్గర పెట్టుకుంటే వంగినప్పుడు గుచ్చుకుంటుంది. వెనక పెట్టుకుంటే కూర్చోలేవు. కొంగు వెనకనించి తిప్పి కుడిపక్క దోపుకునే అలవాటు నీకుంది. తిప్పుకో గాని దోపకు, వదిలెయ్యి. జేబు కప్పినట్టవుతుంది, అవసరమైతే ఒక్క విసురుతో తొలగుతుంది. పలచటి చీరలు మానెయ్యి.

రివాల్వరు గుర్రం, అదే గుండుని కొట్టే మీట, దాని కిందికి వచ్చే గుండు గది ఎప్పుడూ ఖాళీగా ఉంచు. పాత రకం కనక, కింద పడితే దానంతటదే పేలే భయం ఉంటుంది. గుళ్ళు తీసేసి, తలుపు వేసుకుని, కొంగు తొలగించి పైకి తీయడం రోజూ సాధన చెయ్యి. ఆలోచించకుండా చెయ్యి అక్కడికి పోవాలి. ఒంటి చెమటకీ, ఈ సముద్రపు గాలికీ ఇనుము ఇట్టే తుప్పు పడుతుంది. వారానికోసారి నూనెగుడ్డతో తుడువు.

అన్నింటికంటే ముఖ్యం, ఉందో లేదోనని తడిమి చూసుకోకు. కొత్తగా పెట్టుకున్న ప్రతి కానిస్టేబులూ చేసే పొరపాటు అదే. చెయ్యి ఊరికే అక్కడికి పోతూంటే దొంగ కూడా కనిపెడతాడు. వంగవలసి వస్తే నడుము వంచకు, మోకాళ్ళ మీద కూర్చో. లేకపోతే దాని ఆకారం చీరలోంచి తెలిసిపోతుంది.

దారిలో మనుషుల మొహాలు చూడకు. మొహం ఎంతైనా నటిస్తుంది. చేతులు చూడు. చేతిలో ఏముంది, చెయ్యి ఎటు పోతోంది, అంతే.

ఎవరికీ చెప్పకు. బెదిరించడానికి తీయకు. తీశావంటే పేల్చడానికి సిద్ధపడే తీయాలి.

ఆశీస్సులతో
మావయ్య


బరంపురం
18 అక్టోబరు 1937

మావయ్యకి నమస్కారాలు.

మీరు చెప్పినట్టే అన్నీ చేస్తున్నాను. పట్టీ మా ఆయా దేముడమ్మ కుట్టింది. చెప్పకుండా కుట్టించడం కుదరలేదు. కుట్టి నా నడుముకి కట్టి చూసి, "ఏటమ్మా ఇది. బిడ్డని సంకనెత్తుకున్నట్టు దీన్ని ఎత్తుకుని తిరుగుతారా" అంది. పాడుమాట అనకు అన్నాను గాని, నాకూ అలాగే అనిపిస్తోంది. మొదటివారం తుంటి మీద చర్మం కమిలింది. లోపల మెత్తటి గుడ్డ వేసి కుట్టాక సర్దుకుంది. ఇప్పుడు స్నానానికి విప్పితే ఒళ్ళు ఒక పక్కకి ఒరిగిపోతున్నట్టుగా ఉంటుంది.

తడుముకునే అలవాటు పోయింది. దాని బదులు వేరే అలవాట్లు వచ్చాయి. ఎవరింటికి వెళ్ళినా గోడకి వీపు ఆనించి గాని కూర్చోను. ఇదివరకు పురిటిమంచం పక్కన నేలమీదే చతికిలబడేదాన్ని. ఇప్పుడు ముక్కాలిపీట అడుగుతున్నాను. మా డాక్టరమ్మకి పెద్దరికం వచ్చిందని కోమట్ల వీధిలో అనుకుంటున్నారట.

పిల్లల సంగతి మరీ కష్టం. నేను పురుడు పోసినవాళ్ళు ఎక్కడ కనిపించినా పరుగున వచ్చి నడుం కావిలించుకుంటారు. వాళ్ళు దగ్గరికి వస్తూంటేనే చెయ్యి అడ్డం పెట్టి ఆపుతున్నాను. ఒక పిల్ల బిక్కమొహం వేసుకుని తల్లి వెనక్కి పోయింది.

పోయిన వారం వాసవీకుమారి అని, టోకు వర్తకుల కోడలు, నొప్పులు తట్టుకోలేక నా నడుం పట్టుకుంది. ఆమె వేళ్ళు సరిగ్గా దాని మీద పడ్డాయి. అంత బాధలోనూ కళ్ళు తెరిచి నా మొహంలోకి చూసింది. ఏం చెప్పను? తాళాలగుత్తి అన్నాను. నమ్మలేదు. పురుడు సుఖంగా అయింది గాని, నేను వచ్చేసేవరకూ నన్ను మరి ముట్టుకోలేదు.

కాసులు ఈమధ్య కనిపించడం లేదు. కనిపించనప్పుడే ఎక్కువ భయం వేస్తోంది.

రాజ్యం


గంజాం
9 నవంబరు 1937

చి. రాజ్యానికి ఆశీస్సులు.

ఉత్తరం అందింది. నా పెన్షను ఇప్పుడు మద్రాసు నించి కాక కటకం మీదుగా వస్తోంది, కాగితాలు ఒరియాలోకీ ఇంగ్లీషులోకీ మారుతూ ఎక్కడో ఆగిపోయాయి. పోస్టుమాస్టరు రోజూ రేపు రమ్మంటాడు. వెళ్ళి, ఏరు సముద్రంలో కలిసేచోట కాసేపు కూర్చుని వస్తున్నాను. మాట్లాడేవాళ్ళు లేరు. నీ ఉత్తరం వచ్చిన రోజున రెండుసార్లు చదువుకుంటాను.

నువ్వు రాసిన ఇబ్బందులు నాకు కొత్త కావు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ అది నా కుడిపక్కనే ఉంది. ఒక్క మనిషి మీద పేల్చలేదు. కాని మీ అత్త కామేశ్వరమ్మ ఎన్నడూ నా కుడిపక్క నడవలేదు. గుడికి వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా ఎడంపక్కకే వచ్చేది. అది లేని రోజున కూడా అలాగే. నేను రిటైరై దాన్ని పెట్టెలో పెట్టాక ఒకసారి అడిగాను, ఇంక ఇటు రావచ్చు కదా అని. "అలవాటైపోయింది లెండి" అంది. ఆ ఏడే పోయింది.

ఇది నిన్ను వెనక్కి లాగడానికి రాయడం లేదు. ప్రాణం ముఖ్యం. పురిటివాళ్ళు నడుం పట్టుకోకుండా మంచానికి తాడు కట్టించి అది పట్టుకోమను. జేబు ఇంకొంచెం వెనక్కి జరుపు. పిల్లలు నాలుగురోజులు బిక్కమొహం వేస్తే మరేం నష్టం లేదు.

కాసులు కనిపించడం లేదన్నావు. పగబట్టినవాడు ఊరుకున్నాడంటే ఏదో చూసుకుంటున్నాడన్నమాట. మోకాళ్ళ నొప్పులు తగ్గగానే కొడల వెళ్ళి అతని సంగతేమిటో నేనే కనుక్కుంటాను. అంతవరకూ ఒక్క పూట కూడా అది లేకుండా బయటికి పోకు.

మావయ్య


బరంపురం
24 జనవరి 1938

మావయ్యకి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. చలి తగ్గింది. పోయిన వారం ఒక ఉద్యోగి భార్యని చూడడానికి ఛత్రపురం వెళ్ళి వచ్చాను. తిరిగి వచ్చేటప్పుడు రివాల్వరు ఒకసారి బయటికి తీయవలసి వచ్చింది. పేల్చవలసిన అవసరం రాలేదు. మీరేమీ కంగారు పడకండి.

మీ మోకాళ్ళకి తైలం పంపుతున్నాను.

రాజ్యం


గంజాం
3 ఫిబ్రవరి 1938

చి. రాజ్యానికి ఆశీస్సులు.

తైలం అందింది. ఉత్తరం కూడా అందింది గాని అందులో ఏమీ లేదు. ఒకసారి బయటికి తీశానని ఒక్క ముక్కలో రాసేస్తే సరిపోతుందా? ఎవరి మీద? ఎక్కడ? కచేరీల్లో సాక్షులు ఇలాగే మాట్లాడేవాళ్ళు. నిజం దాచదలుచుకున్నవాడు పొడిపొడిగా చెబుతాడు.

నీ ఉత్తరం వచ్చేసరికి నేను కొడలలో ఉన్నాను. కాసులుని చూశాను. అతను ఇంటి వెనక పశువులశాలలో ఎద్దుకి గడ్డి వేస్తున్నాడు. బాగా చిక్కిపోయాడు. బళ్ళు చాలావరకూ అమ్మేసుకున్నాడని ఊళ్ళో చెప్పారు. నేనెవరో చెప్పాను.

"బరంపురం డాక్టరమ్మని చంపుతానన్నావట" అని అడిగాను.

అతను చేతిలోని గడ్డి కింద పెట్టాడు. "అన్నానా బావూ? అనే ఉంటాను. ఆయేల ఎవుర్ని ఏటన్నానో నాకు గేపకం నేదు. దేముణ్ణీ తిట్టినాను, మాయమ్మనీ తిట్టినాను."

"మరి ఆవిడ ఆసుపత్రి ఎదురుగా వచ్చి ఎందుకు కూర్చునేవాడివి?"

"ఆ గదిలోనే కదా అది పోయినాది. ఆ కిటికీ సూడ్డానికి ఎల్లీవోణ్ణి" అన్నాడు. ఎద్దు మెడ నిమురుతూ, "డాక్టరమ్మ బయపడినాదా" అని అడిగాడు. అవునన్నాను. "మరి ఎల్లను బావూ. సెప్పండి, మరి ఎల్లనని" అన్నాడు.

నా సర్వీసులో నటించేవాళ్ళని చాలామందిని చూశాను. అతను నటించడం లేదు. తిరిగి వస్తూ బస్సులో ఎంతో తేలిగ్గా అనిపించింది. ఇంక నువ్వు దాన్ని తీసేసి పెట్టెలో పెట్టుకోవచ్చని రాద్దామనుకుంటూ ఇల్లు చేరాను. గుమ్మంలో నీ ఉత్తరం ఉంది. అప్పటినించీ మనసు మనసులో లేదు.

ఏం జరిగిందో రాయి. ఏదైనా సరే రాయి.

మావయ్య


బరంపురం
15 ఫిబ్రవరి 1938

మావయ్యకి,

మీరు కొడల నించి తెచ్చిన కబురు చదివాను. కిటికీ చూడడానికి వచ్చేవాడట. ఒక్కరోజు వీధి దాటి వెళ్ళి, ఏం నాయనా అని అడిగి ఉంటే అప్పుడే తెలిసేది. ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

జరిగింది రాస్తాను.

ఛత్రపురంలో పని చూసుకుని జగ్గన్న జట్కాలో తిరిగి వస్తున్నాను. సందె చీకటి. సముద్రపు గాలి గట్టిగా వీస్తోంది. నేను ఎప్పటిలాగే వెనకవైపు కూర్చున్నాను. ఒడ్డున ఉన్న మార్కండి పల్లె దారి కలిసేచోట, సరుగుడు చెట్ల చాటు నించి ఒక మనిషి వచ్చి బండి వెనకాల పరిగెత్తడం మొదలుపెట్టాడు. తలకి గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. నేను అతని చేతులు చూశాను. కుడిచేతిలో చేపలు కోసే కత్తి ఉంది. ఎడంచేత్తో బండి వెనక చెక్క పట్టుకున్నాడు. నేను ఏమీ ఆలోచించలేదు. కొంగు తొలగడం, రివాల్వరు పైకి రావడం, అతని గుండెకి ఎదురుగా నిలబడడం, అన్నీ మీరు నేర్పినట్టే జరిగాయి.

అతను నోరు తెరిచి ఏదో అన్నాడు. గాలికి సగం పోయింది. అమ్మా అన్న మాట మాత్రం నాకు వినపడింది. నా చేతిలో ఉన్నదేమిటో చూసి చెక్క వదిలేశాడు. దారిలో నిలబడిపోయాడు.

కొంతదూరం వచ్చాక జగ్గన్న బండి నెమ్మది చేసి, "అమ్మా, ఆడేటో అన్నాడు. నొప్పులన్నట్టు ఇనపడినాది. తిప్పమంటారా" అన్నాడు. నాకూ అలాగే వినపడింది మావయ్యా. వినపడిందని నాకు తెలుసు. కాని రివాల్వరు ఇంకా చేత్తో పట్టుకునే ఉన్నాను. కత్తి తప్ప నా కళ్ళకి ఇంకేమీ కనపడడం లేదు. వద్దు, పోనియ్ అన్నాను.

మూడోనాడు సంతలో విని వచ్చి దేముడమ్మ చెప్పింది, మార్కండిలో కూర్మమ్మ అనే అమ్మాయి పురిట్లో పోయిందని. బిడ్డ అడ్డం తిరిగింది. చెయ్యి బయటికి వచ్చి ఆగిపోయింది. అలాంటివి నేను ఎన్నో సరిచేశాను. వేళకి వెళ్ళి ఉంటే తప్పకుండా బతికేదని అనను. బతకడానికి వీలుండేది. అప్పుడే మీకు పొడిగా ఆ నాలుగు ముక్కలు రాశాను.

మీ ఉత్తరం వచ్చాక మార్కండి వెళ్ళాను. అతను కూర్మమ్మ భర్త, పేరు అప్పలస్వామి. ఒడ్డున వల బాగుచేసుకుంటున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. గుర్తుపట్టావా అన్నాను. తల ఊపాడు.

"తప్పు నాదేనమ్మా" అన్నాడు. "సేపలు కోస్తంటే నొప్పులొచ్చినాయని కబురొచ్చినాది. మీ బండి ఆ దారినే తిరిగొస్తాదని ఇని, సేతిలో కత్తి ఉన్నట్టే మరిసిపోయి లగెత్తినాను. సీకటేల ఆడమనిసి బండెనకాల కత్తట్టుకుని లగెత్తితే మీరు మాత్రం ఏటనుకుంటారు."

అతను నాకు క్షమాపణ చెప్పుకుంటున్నాడు మావయ్యా. ఇంటిదగ్గర ఏం చెప్పావని అడిగాను. డాక్టరమ్మ ఊళ్ళో లేదని చెప్పాడట. తుపాకీ చూసి భయపడి వెనక్కి వచ్చానని చెప్పుకోవడానికి సిగ్గేసిందట.

అతన్ని ఆ అబద్ధం మొయ్యనివ్వలేక వాళ్ళింటికి వెళ్ళాను. కూర్మమ్మ తల్లి వరహాలమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. జరిగినదంతా చెప్పాను. ఆమె చివరిదాకా విన్నది. ఏడవలేదు.

"మా అల్లుడు సెప్పిన అబద్దం అట్టుకుని, నా కూతురి రాత ఇంతేననుకుని బతికీసీదాన్ని" అంది. "ఇప్పుడు అదీ నేకండా సేసినావు. ఎల్లు. మల్లీ ఈ గుమ్మం తొక్కినావంటే నీ పేణం తీస్తాను."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె చేతులు చూడలేదు. మొహం చూశాను.

రాజ్యం


గంజాం
22 ఫిబ్రవరి 1938

చి. రాజ్యానికి,

నీ ఉత్తరం చదివి నీకు ఏం రాయాలో తెలియక రెండు కాగితాలు చింపేశాను.

చట్టం ప్రకారం నీ తప్పు లేదు. చీకట్లో కత్తి పట్టుకుని బండి మీద చెయ్యి వేసినవాణ్ణి చూసి ఏ పోలీసైనా అదే చేసేవాడు. నువ్వు పేల్చలేదు. పేల్చకుండా ఉండడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఈ మాటలు నిన్ను ఓదార్చవని కూడా తెలుసు, అయినా రాస్తున్నాను.

కాని రాజ్యం, నువ్వు వాళ్ళింటికి వెళ్ళి చెప్పడం తెలివైన పని కాదు. కాసులు కేకలేశాడు గనక అతను ఉత్తవాడని తేలింది. ఈవిడ నెమ్మదిగా అంది. కారణం ఉండి, కేక వెయ్యకుండా అన్న మాటని నేను ఎప్పుడూ తేలిగ్గా తీసుకోలేదు. పైగా అది చేపలవాళ్ళ పల్లె, ప్రతి ఇంట్లో కత్తి ఉంటుంది. రేపు అల్లుడి మనసు కూడా తిరగవచ్చు. కొన్నాళ్ళు ఆ దారినే పోవద్దు. ఎక్కడికి వెళ్ళినా రివాల్వరు నీతోనే ఉండాలి. పెట్టెలో పెట్టమని రాద్దామనుకున్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

నన్ను రమ్మంటే వచ్చి నీ దగ్గరే ఉంటాను. బండిలో పక్కన కూర్చుంటాను. ఇక్కడ నేను చూసుకోవలసినదేమీ లేదు. నీకు నేను తప్ప, నాకు నువ్వు తప్ప ఎవరున్నారు? ఈ ముసలాడి మాట ఈ ఒక్కసారికి విను.

మావయ్య


బరంపురం
2 ఏప్రిల్ 1938

పూజ్యులైన మావయ్యకి రాజ్యం నమస్కారాలు.

జవాబు ఆలస్యం చేసినందుకు కోప్పడకండి. మీ మాట వినలేదు. ఆ సంగతి రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది.

రివాల్వరూ, గుళ్ళూ, లైసెన్సు కాగితం ఛత్రపురం కచేరీలో అప్పగించేశాను. అక్కడి గుమాస్తా ఒరియా ఆయన, మర్యాదస్తుడు. భయం తీరిందా అమ్మా అని అడిగాడు. తీరలేదని చెప్పాను. అది నిజం. ఇప్పటికీ సందెవేళ బండిలో కూర్చుంటే వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూస్తాను. నడుం ఇంకా ఒకపక్కకే వంచి నడుస్తున్నానని దేముడమ్మ అంటుంది.

అక్కణ్ణించి మార్కండి వెళ్ళాను. తరవాత కూడా ప్రతి మంగళవారం వెళ్తున్నాను. ఎవరూ పిలవలేదు. గుమ్మం తొక్కవద్దంది గనక తొక్కలేదు. ఎదురింటి నీడలో మందుల సంచీ పెట్టుకుని కూర్చుంటున్నాను. మొదటిసారి పిల్లలు ఇసక విసిరారు. వరహాలమ్మ చూసింది గాని వాళ్ళని ఏమీ అనలేదు. రెండోసారి ఒక ముసలామె కంటిపుసికి మందు అడిగి పట్టుకెళ్ళింది. అప్పలస్వామి అటు వస్తూ నన్ను చూసి వేరే దారిని పోయాడు. నేను ఉండడం వల్ల వాళ్ళకి బాధ ఎక్కువవుతోందేమో, నా మనశ్శాంతి కోసం వాళ్ళని ఏడిపిస్తున్నానేమో అని ప్రతిసారీ తిరిగి వస్తూ అనుకుంటాను. మళ్ళీ మంగళవారం వస్తుంది.

వరహాలమ్మకి చిన్న కూతురు ఉంది. మొగుడు రంగూను ఓడలో పనికి వెళ్ళాడు. ఆ అమ్మాయికి నెలలు నిండాయి. నేను దూరంనించి ఆ అమ్మాయి నడక చూస్తూనే ఉన్నాను.

మొన్న మంగళవారం నేను లేవబోతూండగా వరహాలమ్మ ఆ అమ్మాయిని చెయ్యి పట్టుకుని వీధిలోకి తీసుకొచ్చింది. నా ఎదురుగా ఒక చాప పరిచి పడుకోబెట్టింది. నా వైపు చూడలేదు.

"బిడ్డ అడ్డం తిరిగుందో నేదో సూడు" అంది.

నేను ఇసకలో మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. తల కిందికే ఉంది. గుండె చప్పుడు బాగుంది. ఆ మాటే చెప్పాను. ఆ అమ్మాయి కళ్ళు మూసుకుని ఏడ్చింది. వరహాలమ్మ ఆమెని లేపి, చీర సర్ది, లోపలికి పంపించింది. చాప చుట్టి చంకలో పెట్టుకుంది. నా ముందుకి వచ్చి నిలబడింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనిపించింది.

"నిన్ను సూస్తే నా కడుపు మండిపోతాది" అంది. "సచ్చీదాకా మండుతాది. అది ఏరే సంగతి. దీనికి నొప్పులొస్తే మా పెద్దల్లుడు వొస్తాడు. బండి ఆపు."

ఆపుతానన్నాను.

మీరు వస్తానన్నారు. రండి మావయ్యా. వాకిట్లో గది బాగుచేయించి ఉంచాను.

మీ
రాజ్యం